కూలినవాళ్ళే గిన్నె కలపాలి

అత్త పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను నమ్మలేదు. ఆప్తులు పోతే మనసు ఒప్పుకోదంటారే, అది కాదు. నాది అచ్చమైన అనుమానం. వాలేలేవులో అత్త పక్కింట్లో ఉండే ఫిజియన్ ముసలమ్మ, మేమంతా బూబూ అని పిలిచే ఆవిడ, పొద్దున్నే ఫోన్ చేసి, మా ఫిజీ హిందీలో, "ఇసా, బేటా, తుమార్ ఫూవా చలా గయిస్" అని ఏడ్చింది. అప్పటికి మూడు వారాలుగా నేను అత్త గడప తొక్కలేదు. నన్ను రప్పించడానికి అత్త పన్నిన ఎత్తు ఇది అనుకున్నాను. "ఫోన్ అత్తకివ్వు" అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నోరంతా చేదవుతుంది.

అనుమానించడానికి నాకు కారణం లేకపోలేదు. అత్త నా దగ్గర చచ్చినట్టు నటించడం అది మొదటిసారి కాదు. కంప్యూటర్‌లో యుద్ధవిమానాలు నడిపే ఆట ఒకటి మేం ఏళ్ళ తరబడి ఆడాం. ఆట అంటే ఆమెకు కోపం. "ఖేల్ కాదు రా, పని" అనేది. ఆ పనిలో ఆమె విమానం దొర్లుకుంటూ సముద్రం మీదికి పడిపోయేది, నా రాడార్ తెర మీంచి చెరిగిపోయేది. హమ్మయ్య అనుకుని నేను వెనక్కి తిరిగేసరికి కిందినుంచి మిసైల్ వచ్చేది. డెబ్బై దాటిన మనిషి గురించే చెబుతున్నాను.

ఆమె మా నాన్నకు అక్క. పెళ్ళి చేసుకోలేదు. నవాకాలో చెరకు పండించే ఇంట్లో పుట్టి, దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నాందీలో వాతావరణం చూసే ఆఫీసులో చేరింది. గుండ్రటి తెర మీద వెలుగు గీత తిరుగుతుంటే ఏది వాన, ఏది కొండ, ఏది పిట్టల గుంపు అని విడదీసి చెప్పడం ఆమె పని. తుపాను వస్తుందంటే పడమటి ఊళ్ళన్నీ రేడియో ముందు కూర్చునేవి. మా నాన్న మాత్రం అక్క ఫోన్ కోసం ఎదురుచూసేవాడు. "రేడియో రేపు అంటది. నువ్వు ఇవాళే కట్టు" అనేది ఆమె. ఇంటి కప్పు రేకుల్ని ఆ సాయంత్రమే తాళ్ళతో కట్టేవాళ్ళం. ఆ కప్పు ఒక్కసారి కూడా లేచిపోలేదు.

ఆదివారాలు మా తెలుగువాళ్ళ సంఘం హాల్లో పిల్లలకు తెలుగు చెప్పేది. ఇంట్లో హిందీ, బడిలో ఇంగ్లీషు మాట్లాడే నా చేత ఈ అక్షరాలు దిద్దించింది ఆమే. ఇవాళ ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నానంటే ఆ ఆదివారాల పుణ్యం.

నా సంగతి కూడా చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. దుకాణాలకు, ఇళ్ళకు కెమెరాలు బిగించడం నా పని. మేముండే నసీను ఊరి పొడుగునా ఎవరికి ఎవరి మీద నమ్మకం లేదో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అనుమానం పెనుభూతం అంటారు. నాకు మాత్రం అది అన్నం పెట్టే భూతం. కూరలో ఉప్పు తగ్గితే, ఎందుకు తగ్గిందని కాదు, ఎవరు తగ్గించమన్నారని అడుగుతానని నా భార్య అందరికీ చెబుతుంది. అందులో అబద్ధం లేదు.

రిటైరయ్యాక అత్త వాలేలేవులో చిన్న ఇల్లు తీసుకుని మాకు దగ్గరగా వచ్చింది. ఒక ఆదివారం మా ఇంటికి భోజనానికి వచ్చి, నేను ఆడుతుంటే కుర్చీ వెనక నిలబడింది. తెర మీద చుక్క కనబడగానే నేను మిసైల్ వదిలాను.

"ఎవరిని కొట్టినావు?"

"శత్రువుని, అత్తా."

"శత్రువు కాదు రా, కొండ. అది కదల్లేదు, నువ్వే కదిలినావు. దేఖో."

చూస్తే కొండే. తర్వాతి వారం దాలో దుంపల సంచి చంకన పెట్టుకుని వచ్చి, అలాంటి కంప్యూటర్ తనకూ ఒకటి తెచ్చి బిగించమంది. బిగించాను. రెండో వారానికి నన్ను సముద్రంలో పడేసింది.

ఆమె పద్ధతులు చూస్తే నవ్వొచ్చేది. చెప్పులు గుమ్మం బయట విడిచి, కాళ్ళు కడుక్కుని గాని, విమానం తిప్పడానికి బల్ల కింద బిగించిన పెడల్స్ మీద పాదం మోపేది కాదు. "గుడికి చప్పల్ వేసుకుని పోతావా?" అనేది. నడుముకి దన్నుగా బియ్యం సంచి మడిచి కుర్చీలో పెట్టుకునేది. పక్కన నిమ్మాకులు వేసి కాచిన చాయ్. కొప్పు అడ్డమొస్తుందని హెడ్‌ఫోన్ పట్టీని గడ్డం కిందికి తిప్పి పెట్టుకునేది. దిగాక జాయ్‌స్టిక్ మీద ఉతికిన తువాలు కప్పేది.

పుస్తకాలు చదివినా నాకు ఎక్కనిది ఆమె రెండు ముక్కల్లో చెప్పేది. నేను గాల్లోకి లేవగానే రాడార్ వేసేవాణ్ణి. "చీకట్లో టార్చి వేస్తే నీకు పది అడుగులు కనబడతది, నువ్వు పది మైళ్ళకు కనబడతావు. సమ్‌జా?" శత్రువు రాడార్ మన మీద పడితే మన విమానంలో హెచ్చరిక మోగుతుంది. వాడు ఊరికే చూస్తున్నాడా, గురి పెట్టాడా, మిసైల్ వదిలాడా అన్నది ఆ మోతను బట్టే పోల్చుకోవాలి. నాకు మూడూ ఒక్కలాగే వినిపించి ఒళ్ళు చెమట పట్టేది. అత్త తల ఎత్తకుండా చాయ్ తాగుతూ, "చూస్తున్నాడు, అంతే. చూడనీ" అనేది. గురి పెట్టినప్పుడు మాత్రం కప్పు కింద పెట్టేది. ఎదురొచ్చేవాడూ పారిపోయేవాడూ రాడార్‌కి దొరుకుతారని, అడ్డంగా వెళ్ళేవాణ్ణి అది నేల అనుకుని వదిలేస్తుందని చెప్పి, నా చేత గంటల తరబడి అడ్డం తిరగడం సాధన చేయించింది.

అన్నిటికంటే ఆమెకు ఇష్టమైంది జామర్. శత్రువు రాడార్‌ని గోలతో ముంచేసే పెట్టె అది. నేను దాన్ని ముసుగు అనుకుని, భయం వేసినప్పుడల్లా నొక్కేవాణ్ణి.

"ముసుగు కాదు రా, అరుపు. అరిస్తే నువ్వు ఎంత దూరమో వాడికి తెలవదు. ఏ దిక్కో మాత్రం తెలిసిపోతది. కొన్ని మిసైల్ ఆ అరుపు పట్టుకునే వస్తది. ఎందుకు అరుస్తున్నావో తెలిసినాకే నొక్కు."

నేను వినేవాణ్ణి కాదు. ఎవరూ వెంటపడకుండానే నొక్కితే, "గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నావు" అని వెక్కిరించేది.

మాతో ఎగిరే మూడో మనిషి లౌతోకా చెరకు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసిన పెద్దాయన. మిల్లు తాత అంటాం. విదేశాల వాళ్ళతో ఆడితే మన మాట సముద్రం దాటి వెళ్ళి వచ్చేసరికి యుద్ధమే అయిపోతుంది. అందుకని మేం ముగ్గురమే జట్లు మార్చుకుంటూ ఆడేవాళ్ళం. వారం మధ్యలో ఎవరింట్లో వాళ్ళం కూర్చుని ఎగిరేవాళ్ళం. తాత కూతురు నసీనులో ఉంటుంది కనక ఆయన వారాంతానికి ఇటు వచ్చేవాడు. శనివారం సాయంత్రం అత్త ఇంట్లో కలిసేవాళ్ళం.

నియమాలు రెండు. రెండూ అత్త పెట్టినవే. ఎవరు ఎవరిని కూల్చారని తెర మీద వచ్చే ప్రకటనలు కట్టేయాలి. "యుద్ధంలో నీకు ఎవడు చిట్టీ రాస్తడు?" అనేది. రెండోది, ఆ వారం చివరి ఆటలో కూలినవాళ్ళే శనివారం యంగోనా గిన్నె కలపాలి. యంగోనా అంటే మా దీవుల్లో ఒక మొక్క వేరు దంచి, గుడ్డలో కట్టి నీళ్ళలో పిసికే పానీయం. కొబ్బరి చిప్పలో పోసి ఇస్తారు. ఒకసారి అరచేతులు చరిచి అందుకోవాలి, తాగాక మూడుసార్లు చరవాలి. చాపిన చిప్పను కాదనడం ఇంటివాళ్ళ ముఖం మీద తలుపు వేయడమే. మా వాళ్ళలో ఆడవాళ్ళు గిన్నె ముందు కూర్చోవడం తక్కువ. అత్త దర్జాగా కూర్చునేది. కానీ కలపాల్సిన అవసరం ఆమెకు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. పిసికి పిసికి నా చేతులే అరిగిపోయాయి.

ఇంత అనుమానం ఎక్కడ నేర్చుకున్నావని ఒక శనివారం అడిగాను. నవ్వింది.

"నాది అనుమానం కాదు రా, చూడటం. అనుమానం నీది." సైనికులు ప్రభుత్వాన్ని దించిన రోజుల మాట చెప్పింది. దారి పొడుగునా తుపాకులు. పనిచేసే గదిలో ఎవరు దేశం వదిలిపోతారో, ఎవరు ఎవరి మీద చెబుతున్నారో అని ఒకరినొకరు కనిపెట్టుకుని కూర్చున్నారట. "ఆ వారం అందరు అందరినీ చూసినారు. తెరను ఒక్కరు చూడలేదు. వాన వచ్చింది, నవాకాలో చెరుకు మునిగింది."

అదేదో పాత కథలా విని ఊరుకున్నాను.

గత ఏడాది నుంచి అత్త ఆట మధ్యలో మాయమవడం మొదలుపెట్టింది. మాటా పలుకూ ఉండదు, తీగ తెంపినట్టు వెళ్ళిపోయేది. అడిగితే కరెంటు పోయిందనేది. బూబూకి ఫోన్ చేసి కనుక్కుంటే పక్కింట్లో కరెంటు నిక్షేపంలా ఉండేది. గురువారాలు ఇస్త్రీ బట్టలు వేసుకుని పొద్దున్నే సువా బస్సెక్కి, సాయంత్రానికి వచ్చేది. ఎక్కడికంటే గుడికనేది. దగ్గర్లో ఉన్న గుళ్ళన్నీ దాటుకుని సువా ఎందుకు? హెడ్‌ఫోన్‌లోంచి ఎవడో మోసగాడు తగులుకున్నాడనుకున్నాను. నవాకాలో తన వంతు పొలం ఎవరికో రాసిచ్చేస్తోందనుకున్నాను. ఈ వయసులో ఎవరితోనో తిరుగుతోందని కూడా అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అనుకున్నాను.

సందులో దొంగతనాలు జరుగుతున్నాయని అబద్ధం చెప్పి ఆమె ముందుగదిలో కెమెరా బిగించాను. అందులో పడింది నా ఫోన్‌లో కనబడేట్టు పెట్టుకున్నాను. నాకు అక్షరాలు నేర్పిన మనిషి మీద నేను చేసిన పని ఇది. రెండు రోజులు అత్త కనబడింది. చాయ్, కుర్చీ, తువాలు, అంతే. మూడో రోజు ఫోన్ నిండా మెరుపులు. వెళ్ళి చూద్దును కదా, రోటీ పార్సెల్ చుట్టే వెండిరంగు రేకుల్ని సన్నటి పీలికలుగా కోసి, దారానికి గుచ్చి, కెమెరా ముందు తోరణంలా వేలాడదీసింది. ఫ్యాన్ గాలికి అవి అల్లల్లాడుతున్నాయి. రాడార్ కళ్ళు కప్పడానికి విమానాలు వెనక చల్లేవి అలాంటి రేకు పీలికలే.

"ఏం దాస్తున్నావు అత్తా?" అన్నాను.

"నువ్వు ఏం చూస్తున్నావు?"

నా చేతులు నిజంగానే భుజాల మీదికి పోయాయి. అత్త కోప్పడలేదు. "ఆ రేకుల కోసం ఆరు పార్సెల్ తిన్నాను రా. పేట్ ఖరాబ్ అయింది" అని చాయ్ పెట్టడానికి వెళ్ళింది. ఆమె రేకులు తీయలేదు, నేను కెమెరా తీయలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక బుధవారం సాయంత్రం, అత్తా నేనూ ఒక జట్టు, మిల్లు తాత ఎదురు. నేను మా ఇంట్లో ఉన్నాను, ఆమె తన ఇంట్లో. తాత నన్ను గురి పెట్టాడు. మోత మారింది, ఆ మార్పు ఈసారి నాక్కూడా తెలిసింది. రేకులు చల్లాను, అడ్డం తిరిగాను. వెనకొచ్చే మిసైల్ నన్ను వదలడం లేదు.

"అత్తా, ఎక్కడున్నావు?" అని అరిచాను.

"పో రా. సీదా ఇంటికి పో. పీఛే చూడకు."

అంతే. కాసేపటికి మోత ఆగింది. నా తెర మీద అత్త గుర్తు కూడా లేదు. పిలిస్తే పలకలేదు. తాత గురి తప్పింది, నా అదృష్టం అనుకున్నాను. అత్త మళ్ళీ తీగ తెంపుకుని పోయింది, నన్ను నడిసముద్రంలో వదిలేసి పోయింది అనుకున్నాను. ఒక్కణ్ణే దిగాను.

ఆ శనివారం తేల్చుకుందామని వెళ్ళాను. తాత లౌతోకాలోనే ఉండిపోయాడు. అత్త గిన్నె ముందు కూర్చుని గుడ్డ పిసుకుతోంది. నన్ను చూసి చిప్ప ముంచి చాపింది.

"యుద్ధం మధ్యలో పారిపోయావు" అన్నాను.

"తాగు. తబ్ మాట్లాడు."

"ముందు చెప్పు. బుధవారం ఎందుకు పారిపోయావు? గురువారాలు ఎక్కడికి పోతున్నావు?"

"ఆట రికార్డ్ ఉంది కదా రా. పోయి చూడు."

"అది నువ్వు మార్చలేదని ఏమిటి నమ్మకం?"

చిప్ప పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది. కొంచెం వణికింది. వయసు అనుకున్నాను. తాగకుండా లేచి వచ్చేశాను. గుమ్మం బయట చెప్పులు వేసుకుంటుంటే లోపల అరచేతుల చప్పుడు ఒకటి వినిపించింది, కాసేపటికి మూడు. నాకు పోసినది తనే తాగింది. నేను ఆమెను చూడటం అదే ఆఖరు.

దహనం అయ్యాక వచ్చినవాళ్ళు సాయంత్రాలు అత్త ఇంటి ముందు టార్పాలిన్ కింద కూర్చునేవారు. రెండో రోజు బూబూ నన్ను పక్కకు పిలిచి, గురువారాలు తను కూడా బస్సులో వెళ్ళేదని చెప్పింది. గుడికి కాదు, ఆసుపత్రికి. గుండె బాగా పాడైపోయిందని, ఎంతోకాలం లేదని డాక్టర్లు ఏడాది కిందటే చెప్పారట. ఆట మధ్యలో ఊపిరి అందనప్పుడు కంప్యూటర్ ఆపేసి నేల మీద పడుకునేదట.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. గొంతులో అప్పుడూ అనుమానమే ఉంది.

బూబూ నా చెయ్యి పట్టుకుని అత్త మాటలు అప్పజెప్పింది. చెబితే వాడు నన్ను రోగిలా చూస్తాడు, మిసైల్ వదలడు, జాలిపడి తప్పించుకోనిస్తాడు, నాకు అది వద్దు, అన్నదట. ఆ రేకులు కట్టింది కూడా అందుకే. నేల మీద పడుకున్నప్పుడు నా కంట పడకూడదని.

ఆ పక్కనే గిన్నె దగ్గర మిల్లు తాత ఉన్నాడు. బాధలోనే ఏదో గొప్ప విషయం చెబుతున్నట్టు అన్నాడు. "ఆ బుధవారం మిసైల్ నీకు పక్కా తగిలేది బాబూ. ఆమె జామర్ వేసింది. అరుపు పట్టుకుని అది అటు తిరిగిపోయింది."

"నీకెలా తెలుసు?" అన్నాను.

తాత నా ముఖంలోకి వింతగా చూశాడు. "వదిలింది నేను కదా? సరే, నన్ను నమ్మకు. ఆ శనివారం గిన్నె ఎవరు కలిపినారు?"

మోచేతుల దాకా తడిసిన అత్త చేతులు కళ్ళ ముందు నిలిచాయి. ఏడాదికి ఒకసారి గాని కనబడని దృశ్యం అది. దాని ఎదురుగా నిలబడి నేను సాక్ష్యం అడిగాను.

ఇంటికి వెళ్ళి కంప్యూటర్ తెరిచాను. ఈ ఆట ప్రతి పోరునూ ఆడినవాళ్ళ యంత్రాల్లో దేనికదే దాచిపెడుతుంది. అంటే ఆ బుధవారం నా బల్ల కిందే ఉంది. అత్త దాన్ని మార్చాలన్నా మార్చలేదు. ఆ సంగతి నాకు మొదటి నుంచీ తెలుసు. తెలిసే అడిగాను ఆ ప్రశ్న.

రికార్డులో ఆకాశాన్ని పైనుంచి చూడవచ్చు. నా వెనక తాత మిసైల్ వస్తోంది. అత్త విమానం ఎడమవైపు, నీళ్ళను రాసుకుంటూ, రాడార్ ఆర్పేసుకుని వెళుతోంది. తాతకు ఆమె అక్కడ ఉన్నట్టే తెలియదు. అలాగే వెళ్ళిపోతే తాత వెనక్కి చేరి అతణ్ణి కూల్చేసేది. కానీ ఆమె పైకి లేచింది. జామర్ గుర్తు వెలిగింది. మిసైల్ ముక్కు నెమ్మదిగా నన్ను వదిలి ఆమె వైపు తిరిగింది. ఆమె అడ్డం తిరగలేదు, ఒక్క రేకు చల్లలేదు. ఎందుకు అరుస్తోందో ఆమెకు తెలుసు.

తర్వాతిది కూడా చూశాను. ఒక విమానం సముద్రంలోకి దిగిపోతోంది. ఇంకొకటి తిన్నగా, ఒక్కసారి కూడా వంపు తిరగకుండా, ఇంటి వైపు పోతోంది. అది నాది. దిగేదాకా చూసి, వెక్కి వెక్కి ఏడ్చాను. నా భార్య వచ్చి ఏమైందని అడిగితే, ఏమీ కాలేదు, అత్త నిజంగానే పోయింది అన్నాను.

మొన్న శనివారం మిల్లు తాత, బూబూ, నేను అత్త ముందుగదిలో కూర్చున్నాం. ఆ వారం ఎవరూ ఎగరలేదు. నేను కాళ్ళు కడుక్కుని వచ్చి గిన్నె ముందుకు జరుపుకున్నాను. నువ్వెందుకు కలుపుతున్నావని ఎవరూ అడగలేదు. మొదటి చిప్ప ముంచి, బియ్యం సంచి మడిచి ఉన్న కుర్చీ వైపు చాపాను. చాపిన చెయ్యి అలా నిలపడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. చెయ్యి వణికేదాకా ఉంచి, తర్వాత నేనే తాగాను. ముందు ఒకసారి, ఆనక మూడుసార్లు అరచేతులు చరిచాను. కెమెరా ఇంకా తీయలేదు, రేకులూ అలాగే ఉన్నాయి. ఫ్యాన్ గాలికి అవి మెరుస్తుంటే, వాటి వెనక కూర్చుని ఏడుస్తున్న నేను కెమెరాకి కనబడను.